మార్జాల కిశోర న్యాయము – మోయువాని భారము

శ్రీవైష్ణవ సంప్రదాయమున శరణాగతిని బోధించునపుడు పెద్దలు రెండు దృష్టాంతములు చెప్పుదురు. మర్కట కిశోర న్యాయము ఒకటి, మార్జాల కిశోర న్యాయము మరియొకటి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొని యుండును. తల్లి కొమ్మనుండి కొమ్మకు దూకునపుడు ఆ పట్టు సడలరాదు. పిల్లికూన అట్లు కాదు. తల్లియే దాని మెడమీది తోలును పంట పట్టి, గాయము కాకుండ, ఒక చోటినుండి వేరొక చోటికి చేర్చును. కూన చేయవలసినది ఏదియు లేదు. పెనుగులాడకుండుటయే దాని వంతు.

సంప్రదాయ గణన ప్రకారము 1017 నుండి 1137 వరకు జీవించిన భగవద్రామానుజులు గద్యత్రయమున శరణాగతిని ఆవిష్కరించిరి. వారి తరువాత పిళ్ళై లోకాచార్యులు శ్రీవచన భూషణమునను, వేదాంత దేశికులు రహస్యత్రయసారమునను ఈ తత్త్వమును విస్తరించిరి. భగవంతుని కృప నిర్హేతుకమనియు, జీవుడు దానిని అడ్డగింపకున్న చాలుననియు తెంగలై వారు చెప్పుదురు. కృపయే ప్రధానమైనను, జీవుని వైపునుండి ఒక వ్యాజము, అనగా ఒక చిన్న నెపము, ఉండవలెనని వడగలై వారు చెప్పుదురు. ఫలము నిచ్చువాడు శ్రియఃపతియే యను విషయమున ఇరువురకును భేదము లేదు.

ఈ న్యాయమును ప్రవచనములలో విన్నవారు వేలకొలది. పిల్లికూనను చేతబట్టి దాని భారమును మోసినవారు కొలదిమంది. మోసినవారికి ఒక ప్రశ్న తప్పక ఎదురగును. భగవంతుడే సర్వరక్షకుడైనచో, ఆపదలో నున్న అల్పప్రాణిని కాపాడుటకు ప్రపన్నుడు పూనుకొనవలెనా? పూనుకొనినచో, “నేను రక్షించుచున్నాను” అను తలంపు అతని శరణాగతికే భంగము కాదా?

సికిందరాబాదు రైల్వే స్టేషనునకు చేరువగా, కలప అడితీలకు పేరొందిన బోయిగూడలో, ఒక శ్రీవైష్ణవ గృహమున ఒకానొక ధనుర్మాసమందు ఈ ప్రశ్నయే పుట్టినది. ఇంటివారందరును తిరుమల యాత్రకు సిద్ధమగుచుండిరి. నెలల ముందుగా దర్శనమునకును, రైలునకును ఏర్పాట్లు జరిగినవి. ఇంటి పెద్దయైన బామ్మగారికి ఇది చిరకాల వాంఛ. తిరుమలలో ధనుర్మాసమున సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై పఠింతురు. ఆ దినములలో ఒక్కమారైనను కొండమీద నుండవలెనని ఆమె ఎన్నో ఏండ్లుగా అనుకొనుచుండెను.

ప్రయాణమునకు ముందటి దినమున మనుమడు ప్రక్క అడితీలో పేర్చిన పలకల వెనుక నాలుగు పిల్లికూనలను చూచెను. వానికి ఇంకను కన్నులు తెరువలేదు. చొక్కాలో వేసికొని ఇంటికి తేబోవు బాలుని బామ్మగారు వారించిరి.

“తల్లి మేతకు పోయి యుండునురా. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని వినలేదా? ఒకదానిని చేర్చి మరియొకదానికై వచ్చుచుండునేమో. నీవు దగ్గర నిలిచినచో అది రాదు. కిటికీనుండి చూచుచుండుము.”

ఈ మాటలో గొప్ప వివేకమున్నది. పిల్లికూనలు ఒంటరిగా కనబడినంత మాత్రమున అనాథలు కావు. తల్లి ఆహారమునకై గంటల తరబడి దూరముగా నుండవచ్చును. కూనలు వెచ్చగా, కడుపు నిండి, నిశ్శబ్దముగా నిద్రించుచున్నచో తల్లి సమీపముననే యున్నదని గ్రహింపవలెను. దయగలవారు తొందరపడి ఎత్తుకొని పోవుటచేత తల్లి గల బిడ్డలే తల్లిలేని వగుచున్నవి. తల్లి పాలకు సమానమైన ఆహారము లేదు. పుట్టిన మొదటి దినమున లభించు ముఱ్ఱుపాలలోని రోగనిరోధక శక్తిని మనుష్యుడు తన వంటింట తయారు చేయజాలడు. కావున కాపాడగోరువాడు మొదట తెలిసికొనవలసినది, రక్షకుడు ముందే యున్నాడా యని. ఇదియు ఒక విధమైన శరణాగతియే. పరుని రక్షణలో నున్నదానిని తన కీర్తికై లాగికొనుట దయ కాదు, అహంకారము.

సాయంకాలమైనను తల్లి రాలేదు. ఆ ఉదయము లారీ చక్రముల క్రింద ఒక పిల్లి పడి చచ్చినదని అడితీ కూలివాడు చెప్పెను. చలి ముదురుచుండెను. కూనలు చల్లబడి, అరుపు సన్నగిల్లినది. అప్పుడు బామ్మగారు తామే బుట్ట తీసికొని పోయి, నాలుగింటిని వసారాలోనికి తెచ్చిరి.

ఆ రాత్రి ఇంట వాదము చెలరేగినది. కుమారుడు భక్తుడే, నిర్దయుడు కాడు. అతడిట్లనెను:

“అమ్మా, ఏడు లోకములను కాచువాడు ఈ నాలుగు ప్రాణములను కాచలేడా? మనము స్వామి దర్శనమునకే పోవుచున్నాము. వీనిని స్వామికే అప్పగించి పోదము. మార్జాల కిశోర న్యాయమనగా ఇదియే కదా!”

ఉత్తరభారతమున ప్రచారములో నున్న ఒక జానపద కథను కూడ అతడు గుర్తు చేసెను. ఒక కుమ్మరి స్త్రీ ఆవమునకు నిప్పు పెట్టిన తరువాత, లోపలి పచ్చికుండలో పిల్లికూనలున్నవని తెలిసికొని శ్రీహరిని ప్రార్థించినదట. ఆవము తెరచి చూడగా ఆ కుండ యొక్కటియే కాలక, కూనలు ప్రాణములతో నుండెనట. బాలుడైన ప్రహ్లాదుడు దానిని చూచి హరిభక్తుడాయెనని ఆ కథ. ఇది భాగవతమున లేదు, కాని దాని భావము మనోహరము.

బామ్మగారి సమాధానము క్లుప్తము.

“నాయనా, ఆవమునకు నిప్పంటుకొనిన తరువాత ఆమె చేయి లోపలికి పోదు. అందుచేత ఏడ్చినది, స్వామి విన్నాడు. ఈ బుట్ట నా చేతికి అందుచున్నది. అందినదానిని విడిచి, అందనిదానివలె ఏడ్చినచో స్వామి నవ్వడా? మీరు పోయి రండు. నా దండములు విన్నవింపుడు. నేను ఇక్కడనే యుందును.”

కుమారుని మాటలో లోపమెక్కడ? న్యాయము సత్యమైనదే. దానిని ప్రయోగించిన చోటు తప్పు. మార్జాల కిశోర న్యాయము కూన తన విషయమున తాను నేర్చుకొనవలసిన పాఠము. “నన్ను మోయువాడు నీవే” అని తన విషయమున చెప్పికొనినచో అది శరణాగతి. “వానిని మోయువాడు భగవంతుడు, నాకేమి?” అని పరుని విషయమున చెప్పినచో అది నిర్దయ. ప్రపన్నుడు విడిచినది ఆత్మరక్షణ భారమును. ఇతర ప్రాణులయెడ దయ అను ధర్మమును అతడు విడువలేదు. శరణాగతి అంగములలో మొదటిది ఆనుకూల్య సంకల్పము. భగవంతునకు ప్రియమైన దానిని చేయుదునను ఆ సంకల్పమును సర్వభూతములయెడ అనుకూలముగా నుండుటగా పెద్దలు వివరింతురు. శరణాగతి పేరు చెప్పి ఆ మొదటి అంగమునే త్రోసివేయుట తగునా?

వాల్మీకి రామాయణమున యుద్ధకాండయందు విభీషణుడు శరణుజొచ్చినప్పుడు సుగ్రీవుడు సందేహించెను. శ్రీరాముడు అతనికి ఒక పావురము కథ చెప్పెను. తన జంటను పట్టుకొనిన వేటగాడు తన చెట్టు క్రిందికి రాగా, ఆ పావురము వానికి ఆతిథ్యమిచ్చి, తన దేహమునే ఆహారముగా సమర్పించినది. పక్షియే ఇట్లు చేసినచో మనుష్యునకు వేరు చెప్పవలెనా యని ప్రభువు భావము. సాక్షాత్తు రక్షకుడే అల్పప్రాణిని ఆదర్శముగా చూపినాడు. ఆ ప్రభువును ఆశ్రయించినవాడు చేతికందిన ప్రాణిని త్రోసివేసి, దానికి భక్తియని పేరు పెట్టుట ఎట్లు పొసగును?

పూనిక మంచిదైనంత మాత్రమున పని చక్కబడదు. ఆ రాత్రి ఇంటివారు తెలియక ఆవుపాలు కాచి చల్లార్చి, కూనలు ఇంకను చల్లగా నుండగనే పట్టిరి. రెండును పొరపాట్లని మరునాడు పశువైద్యుని వలన తెలిసినది. ఆవుపాలలో పిల్లికూనకు వలసినంత మాంసకృత్తులును, క్రొవ్వును లేవు. అందలి చక్కెర దాని కడుపునకు సరిపడక విరేచనములు కలిగించును. పిల్లికూనలకై ప్రత్యేకముగా తయారగు పాలపొడిని గోరువెచ్చని నీటిలో కలిపి పట్టవలెను. అంతకు ముందు కూనను మెల్లగా వెచ్చపరుపవలెను, ఏలయన చల్లబడిన దేహము పాలను జీర్ణించుకొనలేదు.

మొదటి వారములలో పిల్లికూన తన దేహమున వేడిని తాను నిలుపుకొనలేదు. దాని పడక సుమారు 30 నుండి 32 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనము కలిగి యుండవలెను. వేడినీటి సీసాను మందపు గుడ్డలో చుట్టి బుట్టలో ఒక ప్రక్క నుంచి, వేడి ఎక్కువైనచో కూన జరుగుటకు రెండవ ప్రక్క చోటు విడువవలెను. మొదటి వారమున రెండు మూడు గంటలకొకమారు, రాత్రియందు కూడ, పాలు పట్టవలెను. మనుష్య శిశువువలె వెల్లకిల పండుకొనబెట్టి పట్టరాదు. పాలు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. తల్లి క్రింద పాలు త్రాగునట్లే బోర్లగా నుంచి, తల కొంచెము ఎత్తి, బొట్టుబొట్టుగా ఇయ్యవలెను. మరియొక విషయము పెక్కుమందికి తెలియదు. ఆ వయస్సున కూన తనంత తాను మూత్ర పురీషములను విడువలేదు. తల్లి నాలుకతో నాకి విడిపించును. తల్లి లేనపుడు తడిపిన మెత్తని దూదితో ప్రతిమారు తుడిచి ఆ పనియు చేయింపవలెను.

పుట్టినపుడు పిల్లికూన బరువు సుమారు 100 గ్రాములు. దినమునకు సుమారు 10 గ్రాములు పెరుగుట క్షేమ లక్షణము. కన్నులు 7 నుండి 14 దినముల మధ్య తెరచును. మూడు వారములకు తడబడుచు నడుచును, నాలుగవ వారమునుండి మెత్తని ఆహారము నేర్చును. అంతవరకు వెచ్చదనము, ఆహారము, శుచి మోయుదానివే. ఊపిరి తీయుటయు, పాలు చీకుటయు మాత్రమే కూన చేతిలో నున్నవి.

ఈ వివరములను తెలిసికొనిన పిమ్మట పూర్వాచార్యుల దృష్టాంతము క్రొత్త కాంతితో కనబడును. మార్జాల కిశోర న్యాయము సోమరితనమునకు ప్రశంస యని కొందరు ఆక్షేపింతురు. కాని పిల్లికూన సోమరి కాదు. కన్నులు లేకున్నను వెచ్చదనము నెరిగి తల్లివైపు ప్రాకును. కొన్ని దినములలోనే ఒక స్తనమును తనదిగా గుర్తించి దానినే వెదకును. ముందు కాళ్లతో పొట్టను ఒత్తుచు పాలు త్రాగును. ఇవన్నియు చేయును గాని, వీనివలన తల్లి తనను మోయుచున్నదని అది అనుకొనదు. తల్లి మెడ పట్టినప్పుడు మాత్రము కాళ్లు ముడుచుకొని కదలక యుండును. ఆ క్షణమున పెనుగులాడినచో జారి పడును. ప్రపన్నుడును జపము, ఆరాధనము, అనుష్ఠానము చేయుచునే యుండును. అవి తన్ను మోక్షమునకు చేర్చు వాహనమని మాత్రము భావింపడు. కోతిపిల్ల పట్టును ప్రశంసించు వడగలై వారు సైతము, ఆ పట్టు దూకు తల్లిని మోయదని అంగీకరింతురు.

ఇక మోయువాని విషయము. బోయి యనగా పల్లకీ మోయువాడు. ఉత్సవ దినమున స్వామి పల్లకీని భుజమున దాల్చినవాడు, తాను భగవంతుని మోయుచున్నానని గర్వించునా? లోకములన్నియు ఎవ్వని ఆధారమున నిలిచినవో ఆయనయే తన భుజముపై కూర్చున్నాడని అతడెరుగును. అయినను బరువు బరువే, భుజము నొచ్చును. మోయునది తాను కాదని తలచి నడివీధిలో కొమ్మును వదలడు. అహంకారము విడుచుటకును, పని విడుచుటకును గల భేదము ఇచ్చట స్పష్టమగును. “నేను రక్షకుడను” అను తలంపును విడువవలెను. రెండు గంటలకొకమారు లేచి పాలు పట్టుటను విడువరాదు. సంప్రదాయమున దీనికే కైంకర్యమని పేరు.

బామ్మగారు బుట్టను వంటింటికి దూరముగా వసారాలో నుంచిరి. తెల్లవారుజామున పాలు పట్టి, స్నానము చేసి, మడి కట్టుకొని తిరువారాధనకు కూర్చుండెడివారు. ఆరాధన ముగిసిన తరువాత మరల బుట్ట చెంతకు వచ్చెడివారు. ఆచారమునకు భంగము లేదు, దయకు లోపము లేదు. తిరుప్పావై పాశురమును కొండమీద వినవలసిన వేళ, ఆమె వసారాలో కూనకు పాలు పట్టుచు మెల్లగా చదువుకొనిరి. దూరమున తిరుపతి రైలు కూత విన్నప్పుడు కన్నులు చెమర్చినవని ఆమెయే తరువాత ఇంటివారితో చెప్పిరి. యాత్ర తప్పిన బాధ లేదనుట అసత్యము. చేసిన త్యాగమునకు బాధయే లేకున్నచో అది త్యాగమే కాదు.

మూడవ దినమున నాలుగింటిలో చిన్నది చనిపోయెను. మొదటినుండియు దాని బరువు పెరుగలేదు. ఎంత జాగ్రత్త పడినను తల్లిలేని కూనలలో కొన్ని దక్కవని వైద్యుడు ఓదార్చెను. పొరుగువారు “దైవేచ్ఛ” యనిరి. బామ్మగారు ఆ మాటను వెంటనే అంగీకరింపలేదు. మొదటి రాత్రి పట్టిన ఆవుపాలును, చల్లని కడుపున పట్టిన తొందరయు ఆమెకు గుర్తు వచ్చినవి.

ఇది ప్రపన్నుని జీవితమున సూక్ష్మమైన ఘట్టము. ఫలము భగవదధీనమను సత్యమును తన అజాగ్రత్తకు ముసుగుగా వాడరాదు. అట్లని “నావలననే పోయినది” అని కుమిలి, మిగిలిన మూడింటిని మరచుటయు తగదు. అందును సూక్ష్మమైన అహంకారమే యున్నది, ఏలయన చావు బ్రతుకులు తన చేతిలో నున్నవని అది తలపించును. చేసిన పొరపాటును పొరపాటుగా ఒప్పుకొనుట, తెలియనిదానిని తెలిసికొనుట, తన అసమర్థతను స్వామియెదుట విన్నవించుట, తరువాతి పాల వేళకు లేచుట – ఇదియే మార్గము. శరణాగతి అంగములలో కార్పణ్యమను దానికి అర్థమిదే. “నా చేత కాదు” అనుట పని చేయకముందు చెప్పునది కాదు. చేయగలిగినదంతయు చేసిన చేతులు తమ హద్దును గుర్తించి చెప్పు మాట అది.

కుమారుడు నాలుగవ దినమున తిరుమలనుండి తిరిగి వచ్చెను. తల్లికి ప్రసాదమిచ్చి, దండము పెట్టి, ఆ రాత్రి పాలు తాను పట్టుదునని కూర్చుండెను. అర్ధరాత్రి, రెండు గంటలకు, తెల్లవారుజామున లేచెను. కొన్ని దినముల తరువాత మొదటి కూన కన్నులు తెరచినపుడు ఎదుట నున్నవాడు అతడే. ఆ కూనకు అతడెవ్వరో తెలియదు. ఎవరు యాత్ర మానుకొనిరో తెలియదు. పాలు ఎచ్చటనుండి వచ్చినవో తెలియదు. వెచ్చని చేతిలో ముడుచుకొని నిద్రించినది.

కన్నులు తెరువని ఎన్నో దినములు తన్ను ఎవరెవరు మోసిరో జీవుడును ఎరుగడు. ఒకనాడు కన్నులు తెరచినపుడు, అందరి చేతుల వెనుక ఒక్కడే యున్నాడని గ్రహించును. అంతవరకు ఆ చేతులలో ఒకటిగా నుండు భాగ్యము ఎవరికైనను, ఎచ్చటనైనను లభింపవచ్చును. దర్శనమునకు పోవు త్రోవలో ఒక బుట్ట అడ్డుపడినచో, అది దర్శనమునకు విఘ్నమని త్రోసివేయుటకు ముందు, స్వామియే ముందుగా ఎదురువచ్చెనేమోయని ఒక్క క్షణము నిలిచి చూడవలెను.